ఉత్త కుండీల వరుస

అమెరికా నుంచి తిరిగి వచ్చాక మిత్రులు అడిగిన మొదటి ప్రశ్న, జలపాతం చూశారా అని. రెండోది, ఎత్తయిన భవనాలు ఎక్కారా అని. రెండూ చేయలేదు. నేను చూసి వచ్చింది ఒక వేడి గాజుగదిలో వరుసగా పెట్టిన నల్లటి ప్లాస్టిక్ కుండీలు, వాటిలో మూరెడు వరి మొక్కలు. వాటి గురించి ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే అది నేను బయలుదేరేటప్పుడు మనసులో కట్టుకున్న వ్యాసం కాకుండా పోతుందని తెలుసు.

జీవితంలో ఎక్కువ భాగం నేను ఒకే మాట రాశాను, వేదికలెక్కి ఒకే మాట అరిచాను: రుజువు చూపండి. బాబాలను అడిగాను. జ్యోతిష్కులను అడిగాను. ఒక్క చెంబుడు కషాయంతో ఎకరమంతా పచ్చబడుతుందని చెప్పే పెద్దమనుషులను వాళ్ళ సభల్లోనే నిలబడి అడిగాను. రుజువు అడగటం మర్యాద తక్కువగా భావించని దేశానికి పోతున్నానని సంబరంగా విమానమెక్కాను.

ఆష్‌బర్న్: గుడి కింద నాస్తికుడు

వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో నా పాఠకులు కొందరు ఉపన్యాసం ఏర్పాటు చేశారు. ఎక్కడా అంటే, గుడి కింది అంతస్తులో.

"మిగతా హాల్స్ అన్నీ గంటకింత అని వాయించేస్తాయి సార్. ఇక్కడైతే మన వాళ్ళకి డిస్కౌంట్" అన్నాడు నిర్వాహకుడు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

పైన గంటలు, కింద నేను. దేవుడు లేడని చెప్పేటప్పుడు ప్రతి వాక్యానికీ పైనుంచి గణగణ మోత వచ్చేది. జనం నవ్వారు. నేనూ నవ్వాను. బయట పార్కింగులో ఒక యువకుడు కొత్త కారు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తున్నాడు. ఊరుకోలేకపోయాను.

"నాయనా, ఈ బండికి వారంటీ ఇవ్వలేదా?"

"ఇచ్చారు అంకుల్. వారంటీ వేరే, నిమ్మకాయ వేరే. రెండూ ఉంటే సేఫ్."

మన ఊళ్ళో అయితే ఈ ప్రశ్నకు కనీసం కొట్లాట దొరికేది. ఇక్కడ చిరునవ్వుతో పులిహోర పొట్లం చేతిలో పెట్టారు. తిన్నాను, బాగుంది. వాదనకు పదును లేని చోట ఆకలి ఎక్కువవుతుందేమో.

అల్ఫారెట్టా: ఒక్క కంచం ఇల్లు

అక్కడి నుంచి జార్జియాలోని అల్ఫారెట్టాకు వెళ్ళాను. ప్రభాకర్ మిర్యాలగూడ కుర్రాడు. బడిలో నా దగ్గర చర్చల్లో వాదించడం నేర్చుకున్నవాడు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇల్లు పెద్దది. వంటగదిలో గిన్నెల అరలో మాత్రం ఒక్క కంచం, ఒక్క గ్లాసు. భార్య సునీత ఆర్కన్సా రాష్ట్రంలో ఒక వరి పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. మధ్యలో మరి రెండు రాష్ట్రాలు. నెలకోసారి ఎవరో ఒకరు డ్రైవ్ చేసుకుంటూ పోవాలి. ఆ వేసవిలో ఆమె దగ్గర ఆమె తండ్రి కోటయ్య గారు ఉన్నారు. రేపల్లె పక్క ఊరు, సొంత వ్యవసాయం.

"సార్, మీరు కరెక్ట్ టైమ్‌కి వచ్చిండ్రు" అన్నాడు ప్రభాకర్, చారులో అన్నం కలుపుతూ. "శనివారం ఫైనల్ రీడింగ్. సోమవారం వాళ్ళ ప్రొఫెసర్ చూడ్డానికి వస్తడు. పదిహేడు గెలిస్తే ఫీల్డ్‌కి పోతది, గ్రాంట్ ఎక్స్‌టెండ్ అయితది. ఓడితే ఈ ఫాల్ సీజన్‌తో ప్రాజెక్ట్ క్లోజ్. సునీత జాబ్ కూడా, వీసా కూడా."

"పదిహేడు అంటే ఎవరయ్యా?"

"బాక్టీరియా సార్. నాకంటే దాని పేరే ఎక్కువ తలుస్తది." నవ్వాడు కానీ వెంటనే ఆపేశాడు. "ఈ వారం మాత్రం ఫోన్‌లో చాలా డల్‌గా ఉంది. అడిగితే చెప్తలేదు."

మిసిసిపీ దారి: తాలింపు లేని ఉప్మా

తెల్లవారి బయలుదేరాం. అలబామా అంతా దేవుడి హోర్డింగులే. నరకానికి దారి ఎటో, స్వర్గానికి ఎటో బాణం గుర్తులు వేసి మరీ చూపించారు. మన దగ్గర ఇంత స్పష్టత లేదు. తెలంగాణ వస్తుందా రాదా అని ప్రభాకర్, నేను దారి పొడవునా వాదించుకున్నాం. వస్తే మామగారి ఊరికి వీసా కావాలా అని అతని హాస్యం.

మిసిసిపీలో రోడ్డు పక్క చిన్న హోటల్లో ఆగాం. వడ్డించే ఆమె నా వయసుదే. నన్ను "హనీ" అని పిలిచింది. మా ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో అనుకుంటూ ఆమె చెప్పిందే తెమ్మన్నాను. తెల్లటి మొక్కజొన్న రవ్వ జావ, పైన వెన్న ముక్క. ఉప్మాలోంచి ఆవాలు, మిర్చి, కరివేపాకు, ఆత్మాభిమానం తీసేస్తే మిగిలేది అదే. టీ అడిగితే ఐసు వేసిన పంచదార పానకం తెచ్చింది. ఆ పానకం ఎన్నిసార్లు నింపినా ఒకటే ధర అని తెలిసి ఆశ్చర్యపోయాను. మన హోటళ్ళలో రెండోసారి సాంబారు అడిగితేనే చూసే చూపు గుర్తొచ్చింది.

మెంఫిస్‌లో ప్రభాకర్ ఫోన్లోని దారి చెప్పే అమ్మాయి తికమకపడింది. ఆమె మాట నమ్మి మిసిసిపీ నది వంతెన దాటి, వెనక్కి వచ్చి, మళ్ళీ దాటాం.

"రుజువు లేకుండా నమ్మితే ఇంతే" అన్నాను.

"మీరు మ్యాప్ పట్టుకున్నా ఇంతే అయితుండె సార్" అన్నాడు.

ఆర్కన్సా: మనుషులు లేని పొలాలు

నది దాటాక నేల చదునైంది. ఉన్నట్టుండి ఎటు చూసినా వరి. కృష్ణా డెల్టాలో ఉన్నట్టే నీళ్ళు, గట్లు, కొంగలు. కానీ ఎంత దూరం పోయినా పొలంలో ఒక్క మనిషి లేడు. నడుం వంచిన ఆడవాళ్ళు లేరు, గట్టు మీద అన్నం క్యారేజీ లేదు. ఒక చిన్న విమానం మాత్రం చేల మీదికి వాలి తెల్లటి పలుకులు వెదజల్లి లేచిపోయింది.

"యూరియా సార్" అన్నాడు ప్రభాకర్.

పెట్రోలు పోయించుకునే చోట టోపీ పెట్టుకున్న ఒక ముసలి రైతు పలకరించాడు. మా దేశంలో వరి చేత్తో నాటుతామని ప్రభాకర్ ద్వారా చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఒక్కొక్క మొక్కనా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత విమానం పోయిన వైపు చూసి, వేసిన యూరియాలో సగం మొక్కకు చేరదనీ, గాలికీ నీటికీ పోతుందనీ, ఏటేటా దాని ధర మాత్రం పైకే పోతుందనీ అన్నాడు. ఈ ఒక్క ఫిర్యాదు మాత్రం రేపల్లెలో వినిపించేదే. సునీత పని ఎందుకో నాకు అక్కడ అర్థమైంది.

గాజుగది

సునీత సన్నగా, చురుగ్గా ఉంటుంది. శనివారం పొద్దున్నే మమ్మల్ని గ్రీన్‌హౌస్‌కు తీసుకుపోయింది. లోపల రోహిణి కార్తె.

"వరి వేళ్ళకి అంటుకున్న మట్టి ఉంటుంది చూశారా మాస్టారూ, అందులో లెక్కలేనన్ని బాక్టీరియా. చాలా వాటికి మొక్కతో పనే లేదు. కొన్ని హాని చేస్తాయి. కొన్ని మాత్రం గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, వేరు పెరగడానికి సాయం చేస్తాయి. ఆ మంచివాళ్ళని వెతకడమే నా ఉద్యోగం."

"జల్లెడ పట్టడం."

"అదే! ఒక్కొక్కదాన్నీ విడిగా పెంచాలి, పరీక్ష పెట్టాలి. భాస్వరాన్ని కరిగించేదైతే పళ్ళెంలో దాని చుట్టూ తేటగా ఒక వలయం వస్తుంది."

"చంద్రుడికి వరదగుడి కట్టినట్టు."

"మీరు నాస్తికులై ఉండి గుడి అంటారేంటి మాస్టారూ?" నవ్వింది. "అలా ఒక్కో జల్లెడలో కొన్ని పోతూ, చివరికి కొన్ని మిగిలాయి. వాటిలో పదిహేడు క్లాస్ ఫస్ట్."

ఒక వరుస కుండీలకు మొదట్లోనే పదిహేడు కలిపిన ద్రవం పోసింది. పక్క వరుసకూ అదే ద్రవం, కాకపోతే ఉడకబెట్టి పోసింది. అందులోవన్నీ చచ్చిన బాక్టీరియా. మొక్క పెరిగింది ద్రవంలోని పోషకం వల్లనేమో అని రేపు ఎవరూ అనకుండా. మిగతా మట్టి, నీళ్ళు, వెలుగు అంతా సమానం. ఈ రెండో వరుసను ఇంట్లో వాళ్ళు "ఉత్తవి" అంటారు.

నేను ఆ ఉత్త వరుస ముందు నిలబడిపోయాను. మన దేశంలో లేనిది డాలర్లు కాదు, యంత్రాలు కాదు, ఈ వరుస. తాయెత్తు కట్టిన పిల్లవాడి పక్కన కట్టని పిల్లవాణ్ణి ఎవడూ నిలబెట్టడు. హోమం చేసిన ఊరి పక్కన చేయని ఊళ్ళో కురిసిన వాన ఎవడూ కొలవడు. ఇదంతా ప్రభాకర్‌కు గట్టిగా చెబుతూనే ఉన్నాను, సునీత వంగి మొక్కలు కొలుస్తోంది. ఎత్తు కొలిచింది. ఆకును క్లిప్పులాంటి చిన్న యంత్రంతో పట్టి పచ్చదనం కొలిచింది. ఆమె అంకె చెబితే ప్రభాకర్ ల్యాప్‌టాప్‌లో కొడుతున్నాడు. కాసేపటికి అతని వేళ్ళు నెమ్మదించాయి.

పదిహేడు పోసిన మొక్కలు బాగున్నాయి. ఉత్తవీ బాగున్నాయి. నా కంటికి తేడా కనిపించలేదు. యంత్రానికీ పెద్దగా కనిపించలేదు.

"వారం నుంచీ చూస్తున్నాను" అంది సునీత. "ఉత్తవి పచ్చబడుతూ వస్తున్నాయి. పోయినసారి ఇలా లేదు. పోయినసారి పదిహేడు వాటిని చితక్కొట్టింది."

"మళ్ళీ కొలుద్దామా?" అన్నాడు ప్రభాకర్.

"నేను తప్పుగా కొలవలేదు ప్రభా."

కోటయ్య గారు చేయి కడుక్కున్నారు

మధ్యాహ్నం భోజనానికి సునీత అద్దె ఇంటికి వచ్చాం. కోటయ్య గారు గోంగూర పప్పు వండి పెట్టారు. గోంగూర మెంఫిస్ నుంచి వచ్చిందట, ధర వింటే గోంగూరకే గర్వం వస్తుంది. ఆయన బక్కపలచని మనిషి, చేతులు మాత్రం పారల్లా ఉంటాయి. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆదివారాలు కూతురితో పాటు గ్రీన్‌హౌస్‌కు వెళ్ళి నీళ్ళు పోసి వస్తుంటారు.

అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. అలాంటప్పుడు నాలాంటివాడు చేయగలిగింది ఒకటే, ఉపన్యాసం.

"అమ్మా, ఓడటం కూడా ఫలితమే. ఆ ఉత్త వరుస నీకు శత్రువు కాదు, నీ న్యాయమూర్తి. అది ఆకలితో పక్కన నిలబడి ఉంటేనే పదిహేడు ఏం పెట్టిందో తెలిసేది..."

"అది ఆకలితో ఉండాలా మాస్టారూ?" అన్నారు కోటయ్య గారు.

"ఉండాలండి. దాని ఉద్యోగమే అది."

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. కూతురి వైపు చూశారు.

"అమ్మాయ్. పోయిన రెండు ఆదివారాలూ నేనే... ఏదో చిటికెడు."

"ఏం చిటికెడు నాన్నా?"

"యూరియానమ్మా. ఆ మూల డబ్బాలో తెల్లగా ఉంది చూడు. నాకు తెలవదా యూరియా? నువ్వు అటు గదిలో పనిలో ఉంటివి. ఉత్త వాటికే వేశా. నువ్వు మందు పోసిన వాటి జోలికి పోలా."

ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"పెద్దాయన చూడ్డానికి వస్తన్నాడంటివి గదా. ఒక వరుస నవనవలాడతా, ఒక వరుస పాలిపోయి ఉంటే నీకు మాట రాదా? మన చేను చూడ్డానికి ఆఫీసరు వస్తన్నాడంటే పలచబడ్డ చోట ముందే నాలుగు పలుకులు చల్లి సమం చెయ్యమా? నీకు చెయ్యి చాలక వాటిని వదిలేశావనుకున్నా. నీకు మాట రాకూడదనే గదమ్మా."

ప్రభాకర్‌కు నవ్వు వచ్చింది, అది ఏడుపులా ఉంది. "మామయ్యా, మీరు ప్రతిపక్షానికి ఓటేసిండ్రు."

కోటయ్య గారు లేచి చేయి కడుక్కున్నారు. కంచంలో అన్నం అలాగే ఉంది.

సునీత తండ్రిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది, ఆయనకైనా తేలికయ్యేది. ప్రభాకర్ మాత్రం గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"పోయిన బ్యాచ్‌లో ఉత్తవాటి నంబర్స్ ఉన్నయి కదా. అవే పెట్టెయ్ సునీతా. అబద్ధం కాదు కదా, అవి కూడా నువ్వు కొలిచినవే. పదిహేడు మంచిదని నీకు తెలుసు. ఎవనికి నష్టం?"

సునీత నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచాను. ఈ ప్రశ్న కోసమే నా జీవితమంతా తయారై ఉన్నాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"వద్దు మాస్టారూ. మీరు ఏం చెప్తారో నాకు తెలుసు. రేపు ఇదంతా పోయాక, మీరు చెప్పారని చేశాననుకోవడం నాకు ఇష్టం లేదు."

సోమవారం

ప్రొఫెసర్ పొడవాటి మనిషి, మాట నెమ్మది. సునీత ఉన్నదున్నట్టు చెప్పింది. బయటి మనిషిని లోపలికి రానివ్వడం నియమాలకు విరుద్ధమని కూడా తనే చెప్పింది. ఆయన రెండు వరుసల ఆకులనూ వేలితో తిప్పి చూశాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ కోటయ్య గారి దగ్గరికి వచ్చి చేయి కలిపాడు. తనూ పొలం మీద పెరిగినవాణ్ణేనని, ఆకలితో ఉన్న పైరును చూస్తూ ఊరుకోవడం తన తండ్రికీ చేతనయ్యేది కాదని చెప్పాడు. ప్రభాకర్ తెలుగులో చెబుతుంటే కోటయ్య గారు నేల చూశారు.

ఆ తర్వాత సునీతతో, చెప్పినందుకు కృతజ్ఞతలు, ఈ అంకెలు వాడలేం అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి పెంచడానికి వ్యవధి లేదు, గ్రీన్‌హౌస్ వేరే వాళ్ళకు కేటాయించారు, డబ్బు శరదృతువుతో అయిపోతుంది. పోయినసారి ఫలితం ఒక్కటే చూపి పొలం అడగలేం. పదిహేడును చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి భద్రపరుస్తారు. ఎప్పటికైనా ఎవరైనా అడిగితే ఇస్తారు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ప్రొఫెసర్ అన్నది సబబు. సునీత చేసింది సబబు. కోటయ్య గారిది ప్రేమ. ఎదుటి పక్షమే లేని చర్చలో నేను ఇంతకుముందు ఎప్పుడూ నిలబడలేదు.

మధ్యాహ్నం మొక్కలన్నీ పీకాలి. మట్టితో సహా ఆవిరి యంత్రంలో పెట్టి చంపాకే బయట పారేయాలట. కోటయ్య గారు ఒక్కటైనా పెరట్లో నాటుకుంటానని అడిగారు.

"కుదరదు నాన్నా."

"అయితే నేనే పీకుతానమ్మా. నీ చేత్తో వద్దు."

ప్రభాకర్ ఇంగ్లీషులో చెప్పాక ప్రొఫెసర్ సరేనన్నట్టు తల ఊపాడు. కోటయ్య గారు ఒక్కొక్క మొక్కనూ మొదలు దగ్గర పట్టుకుని, మట్టి రాలకుండా మెల్లగా లాగారు. పదిహేడు వరుసలో మొదటిది తీసి పైకెత్తినప్పుడు వేళ్ళు తెల్లగా, గుబురుగా వేలాడాయి. ఉత్తదాన్ని తీసి పక్కన పట్టుకున్నారు. పైన ఆకు ఒకేలా ఉంది. కింద వేరు మాత్రం పలచగా ఉంది.

"చూడమ్మా, ఇది మంచిదే" అన్నారు.

"తెలుసు నాన్నా" అంది సునీత. సంచీ మూతి తెరిచి పట్టుకుంది.

యూరియా వేసిన మొక్క వేరు పెద్దగా పెంచదని, కాబట్టి ఆ రెండు వేళ్ళ పోలిక దేనికీ రుజువు కాదని నాకూ తెలుసు.

తిరిగి వచ్చాక

సునీత ఇప్పుడు అల్ఫారెట్టాలో ఉంది. ఆ ఇంట్లో కంచాలు రెండయ్యాయి, దానికి ప్రభాకర్ సంతోషిస్తున్నాడు. నాకూ సంతోషమే. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి ఏదో కంపెనీలో చేరింది. ఫోన్ చేస్తే అన్నీ మాట్లాడుతుంది, వరి తప్ప. కోటయ్య గారు ఊరికి వచ్చేశారు. ఈసారి చేలో ఒక మడికి ఏమీ వేయకుండా వదిలారని, ఎందుకని అడిగితే చెప్పరని ఆయన భార్య అన్నారు.

మొన్న గుంటూరులో ఎరువుల దుకాణం ముందు ఒక రైతు నన్ను గుర్తుపట్టి ఆపాడు. చేతిలో రంగుల సీసా. లోపల కోట్ల కొద్దీ మేలు చేసే సూక్ష్మజీవులు ఉన్నాయని, వరి దుబ్బు కట్టి లేస్తుందని దాని మీద రాసి ఉంది.

"ఇది పనిచేస్తదా మాస్టారూ?"

"ఇది వేయని మడి పక్కన పెట్టి ఎవరైనా చూపించారా?"

"లేదండీ."

"అయితే కొనవద్దు."

సీసా బల్ల మీద పెట్టాడు. పోబోతూ ఆగాడు. "మరి నిజంగా పనిచేసేది ఏదన్నా ఉందాండీ? మీరు దేశాలు తిరిగొచ్చారు గదా."

ఆర్కన్సాలో మంచు పెట్టెలో ఉన్నది నా నాలుక చివరి దాకా వచ్చింది. అది పెంచిన వేళ్ళు నేను చూశాను. అది మంచిదని నమ్ముతున్నాను. నా దగ్గర రుజువు లేదు.

"నాకు తెలియదు" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి, బల్ల మీది సీసా తీసుకుని డబ్బు కట్టాడు.